పెరట్లో కోయి కొలను: ఏ సరుకు వేస్తే పదిహేనేళ్ళు నిలుస్తుంది?

ప్రశ్న: మాది తిరుపతి, తిరుచానూరు రోడ్డు వైపు సొంత ఇల్లు. మూడేళ్ళ క్రితం పెరట్లో పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, మూడడుగుల లోతుతో ఇటుక, సిమెంటుతో కొలను కట్టించి కోయి అనే రంగుల చేపలు వేశాం. పన్నెండు చేపలున్నాయి, పెద్దవి మూరెడు పొడవు ఉంటాయి. ఏడాదిగా నీళ్ళు తగ్గిపోతున్నాయి. మేస్త్రీ వైట్ సిమెంటులో వాటర్‌ప్రూఫ్ లిక్విడ్ కలిపి లోపలంతా పూశాడు. నాలుగు రోజులాగి నీళ్ళు పట్టి చేపల్ని వదిలితే రెండు రోజుల్లో మూడు చచ్చిపోయాయి. అంతా అయ్యాక నీళ్ళు మళ్ళీ తగ్గడం మొదలైంది. ఈసారి లోతు కూడా పెంచి గట్టిగా చేయించాలనుకుంటున్నాం. మేస్త్రీ బాత్‌రూమ్ టైల్స్ వేద్దామంటాడు. హార్డ్‌వేర్ షాపాయన బ్లూ టార్పాలిన్ చాలంటాడు. మా బావగారు కడప బండలు పరచమంటారు. అడుగున గులకరాళ్ళు వేయాలని పిల్లల కోరిక. ఒకసారి ఖర్చు పెడితే పదిహేనేళ్ళు మళ్ళీ చూడక్కర్లేకుండా ఉండాలి. ఎవరి మాట వినాలి?
ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం:

ఇటుక గోడని పడగొట్టకండి. కానీ ఇక మీదట ఆ గోడే నీళ్ళు ఆపాలని ఆశపెట్టుకోకండి. గోడ పని బరువు మోయడం, అంతే. నీళ్ళు ఆపే పని లోపల పరిచే ఈపీడీఎమ్ రబ్బరు షీటుకి అప్పగించండి. మీకొచ్చిన సలహాలన్నిట్లో ఇబ్బంది ఒకటే. ఏదో ఒక సరుకు పరిస్తే నీళ్ళు ఆగడం, అందంగా కనబడడం, చేపలకి పడడం అన్నీ దానితోనే జరిగిపోతాయని చూస్తున్నారు. పగలంతా మన ఎండకి కాగి, రాత్రికి చల్లబడే సిమెంటు పూతలో ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి పగులు వస్తుంది. పైపైన ఎంత పూసినా పగులు మళ్ళీ అక్కడే తెరుచుకుంటుంది. రబ్బరు సాగుతుంది కాబట్టి వెనక గోడ కాస్త పగిలినా దానికి పట్టదు.

పని మొదలుపెట్టే ముందు నీళ్ళు నిజంగా కారుతున్నాయా, ఎండకి ఇగిరిపోతున్నాయా తేల్చుకోండి. కొలనులో ఒక ఇటుక మీద బకెట్ పెట్టి, బయట నీళ్ళు ఏ మట్టంలో ఉన్నాయో బకెట్లోనూ అంతే మట్టానికి నీళ్ళు పోయండి. రెండు చోట్లా మార్కర్‌తో గీత గీసి, పంపు ఆపేసి ఒక రోజు వదిలేయండి. చేపలున్నాయి కాబట్టి గాలి పంపు మాత్రం ఆపొద్దు. వేసవిలో ఎండకే రోజుకి అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా తగ్గుతుంది, అది బకెట్లోనూ తగ్గుతుంది. కొలనులో అంతకన్నా ఎక్కువ తగ్గితే గోడో అడుగో కారుతున్నట్టు. మర్నాడు పంపు వేసి మళ్ళీ చూడండి. పంపు తిరుగుతున్నప్పుడు మాత్రమే తగ్గుతుంటే లోపం పైపుల్లోనో ఫిల్టర్‌లోనో ఉంది, కొలనుది కాదు. ఇది చూసుకోకుండా గోడ మీద వేలకి వేలు పోసినవాళ్ళున్నారు.

మీ మూడు చేపల సంగతి చదివి బాధేసింది. అది రోగం కాదు, మీ పెంపకంలో లోపమూ కాదు. పచ్చి సిమెంటు నీళ్ళలోకి సున్నం వదులుతుంది. కొత్త సిమెంటు తొట్టిలో నీటి పీహెచ్ (నీళ్ళలో క్షారం, ఆమ్లం ఏ పాటిదో చెప్పే అంకె) 11 దాటడం మామూలే. కోయికి 7 నుంచి 8.5 దాకా అయితే హాయి. సున్నం మొప్పల్ని నేరుగా కాల్చేస్తుంది, దానికి తోడు ఇంకో దెబ్బ కూడా ఉంది. చేపలు వదిలే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం పీహెచ్‌తో పాటు పెరుగుతుంది. 30 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 7.5 ఉన్నప్పుడు ఆ భాగం నూటికి రెండు మూడు పాళ్ళు. పీహెచ్ 8.5 అయితే నూటికి ఇరవై. అంటే నీళ్ళు చూడ్డానికి అద్దంలా ఉన్నా, నిన్నటి అమ్మోనియానే ఇవాళ ఎనిమిది రెట్లు విషమవుతుంది. సిమెంటుకి నాలుగు రోజులు ఏమాత్రం చాలవు. మన ఊళ్ళలో కొత్త తొట్టిలో అరటి బోదెలు, పేడ నీళ్ళు వేసి నానబెట్టి, నీళ్ళు మార్చి మార్చి పారబోశాకే చేపల్ని వదిలేవాళ్ళు. అందులో అర్థం ఉంది. ఇకపై ఏ పని చేయించినా, అక్వేరియం షాపులో దొరికే పీహెచ్ కిట్‌తో నీళ్ళు చూశాకే చేపల్ని దింపండి.

ఇక సరుకు విషయం. బాత్‌రూమ్ టైల్స్ వద్దు. టైల్ నీళ్ళు ఆపినా, టైల్‌కీ టైల్‌కీ మధ్య జాయింట్ ఆపదు. ఎప్పుడూ నీళ్ళలో నానే చోట ముందు పోయేది ఆ జాయింటే. వెనక ఖాళీ ఉన్న టైల్ ఊడిపడితే దాని అంచు కత్తిలా ఉంటుంది, చేప ఒళ్ళు గీరుకుపోతుంది. బ్లూ టార్పాలిన్ మీద నాకు కోపం లేదు, పని జరిగినన్నాళ్ళూ చేపల్ని ఉంచడానికి తాత్కాలిక తొట్టి చేసుకోవడానికి అది చక్కగా పనికొస్తుంది. కానీ నీటి మట్టం పైన ఎండ తగిలే అంచు దగ్గర రెండు మూడు వేసవులకే పెళుసై పొట్టు రాలుతుంది. పదిహేనేళ్ళ లెక్కలో దానికి చోటు లేదు.

ఎపాక్సీ పూత అడిగే వాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి దాని గురించీ చెబుతాను. తాగునీటి ట్యాంకులకి వాడే, రెండు డబ్బాల్లో వచ్చేది కలిపి పూసే ఎపాక్సీ మంచిదే. అయితే కింద సిమెంటు కనీసం 28 రోజులు ఆరి ఉండాలి, లోపల తేమ ఉండకూడదు. మీ గోడ ఏడాదిగా నానుతోంది, బయట మట్టి కూడా తడిగానే ఉండుంటుంది. తడి గోడ మీద వేసిన ఎపాక్సీ బొబ్బలెక్కి ఊడుతుంది. ఎండ సోకే చోట సుద్దలా పొడి రాలుతుంది కూడా. కొత్తగా ఆర్‌సీసీ తొట్టి పోసుకునేవాళ్ళకి ఆలోచించదగ్గదే, మీకు కాదు.

మదనపల్లె వైపు టమాటా తోటల్లో రైతులు ఫారం పాండ్లలో పరిచే నల్లటి ప్లాస్టిక్ షీట్ మీరు చూసే ఉంటారు. సాధారణంగా 500 మైక్రాన్ల మందం ఉంటుంది. గట్టి సరుకు, ధర కూడా ఈపీడీఎమ్ కన్నా బాగా తక్కువ. కానీ అది వాలుగా తవ్విన పెద్ద కుంటలకి కుదిరినట్టు పదడుగుల పెట్టెలాంటి కొలనుకి కుదరదు. బిరుసుగా ఉంటుంది, మూలల్లో మడత పెడితే ఆ మడత దగ్గరే కాలక్రమంలో చీలుతుంది. వేడిగాలి మెషీన్‌తో మూలలు అతికే మనిషి దొరికి, మీ కొలను కొలతకి పెట్టెలా వెల్డ్ చేసిస్తే మాత్రం బడ్జెట్ తక్కువైనప్పుడు రెండో ఎంపికగా తీసుకోవచ్చు.

నా ఓటు ఈపీడీఎమ్‌కే. మందం ఒక మిల్లీమీటరుకి తగ్గకుండా తీసుకోండి. ఎండకి తట్టుకుంటుంది, సాగుతుంది, చిల్లు పడితే ట్యూబుకి వేసినట్టు ప్యాచ్ వేసుకోవచ్చు, సరిగ్గా పరిస్తే ఇరవై ఏళ్ళు దాటుతుంది. కొనేటప్పుడు చేపలకి సురక్షితం అని రాసి ఉన్నదే అడగండి. బిల్డింగుల పైకప్పుకి అమ్మే రబ్బరు షీట్లన్నీ చేపలకి పడతాయన్న నమ్మకం లేదు. దీనికి పడనిది ఒకటుంది: నూనె, గ్రీజు. అందుకే లోపల నూనె నిండిన మోటారు పంపు నీళ్ళలో ముంచొద్దు, సీలు పోయిన రోజు షీటూ చేపలూ రెండూ పాడవుతాయి. కార్తీక మాసంలో కొలనులో దీపాలు వదిలే అలవాటు మీ ఇంట్లో ఉంటే ఈసారి నుంచి గట్టు మీద పెట్టుకోండి. ఒలికిన నూనె నీళ్ళ మీద పొరలా పరుచుకుని గాలి లోపలికి పోనివ్వదు.

షీటు కొలత చెప్పాలంటే ముందు లోతు తేల్చాలి. లోతు పెంచాలన్న మీ ఆలోచన సరైనదే. తిరుపతిలో వేసవి 40 డిగ్రీలు దాటుతుంది, కోయి చల్లటి నీళ్ళ చేప. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలుస్తుంది, 30 డిగ్రీలకి అది ఏడున్నరకి పడిపోతుంది. మూడడుగుల నీళ్ళు మధ్యాహ్నానికి అట్టడుగు దాకా కాగిపోతాయి. పైగా మీ కొలను నిండా నింపినా ఏడు వేల లీటర్ల లోపే. ఎదిగిన కోయి ఒక్కోదానికి వెయ్యి లీటర్లు ఉండాలని పెంపకందారుల లెక్క. మీ పన్నెండింటికి ఇరుకే.

కానీ కిందికి తవ్వొద్దు. గోడ పునాది కన్నా లోతుకి తవ్వితే పక్కనున్న మట్టి జారి, ఉన్న గోడ కూడా లోపలికి ఒరుగుతుంది. పైకి లేపండి. నేల మట్టం నుంచి అడుగున్నర గోడ లేపితే నాలుగున్నర అడుగుల గోడ అవుతుంది, అంచు కింద కాస్త ఖాళీ వదిలితే నాలుగడుగులకి పైనే నీళ్ళు నిలుస్తాయి, సుమారు తొమ్మిదిన్నర వేల లీటర్లు. ఇందులో ఇంకో లాభం, వానాకాలంలో పెరటి బురద నీళ్ళు కొలనులోకి రావు. ఒక షరతు. భూమిలో ఉన్న గోడకి వెనక మట్టి ఆసరా ఉంటుంది, పైకి లేచిన గోడకి ఉండదు, నీళ్ళు బయటికి తోస్తాయి. కాబట్టి ఇది తొమ్మిదంగుళాల గోడే కావాలి. దాని పైన చుట్టూ ఆరంగుళాల మందంతో కాంక్రీటు బెల్టు, అందులో నాలుగు 10 ఎమ్‌ఎమ్ కడ్డీలు వేయించండి. ఇప్పుడున్నది నాలుగున్నర అంగుళాల గోడైతే దాని వెలుపల ఇంకో వరస కట్టించాలి, ఇక్కడ పిసినారితనం పనికిరాదు. మేస్త్రీ పునాది పక్కన చెదల మందు కొడదామంటే మాత్రం గట్టిగా వద్దనండి. ఆ మందు చేపలకి ప్రాణాంతకం, మట్టిలో ఎన్నాళ్ళో ఉంటుంది.

షీటు పొడవు కావాలంటే కొలను పొడవుకి రెండు లోతులూ, అంచులకి రెండడుగులూ కలపండి. మీకు 10, 9, 2 కలిపి 21 అడుగులు. వెడల్పుకి 8, 9, 2 కలిపి 19 అడుగులు. 21కి 19 అడుగుల ఒకే ముక్క అడగండి, అతుకులున్నది వద్దు. ఆ ముక్క యాభై కిలోల దాకా బరువు తూగుతుంది, నలుగురు పట్టాలి. నేల మీద ఈడ్చుకొచ్చారంటే కొలను చేరేలోపే చిల్లు పడుతుంది.

పరిచే పని జాగ్రత్తగా నిలబడి చేయించుకోండి. లోపలి గోడలు నునుపుగా పూయించి, మూలలు చెయ్యి పెడితే గుచ్చుకోకుండా గుండ్రంగా తిప్పించండి. దాని మీద దట్టమైన జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆ పైన రబ్బరు. మూలల్లో ఎక్కువైన రబ్బరుని కోయకుండా ఒకే పెద్ద మడతగా వేయాలి. మన పెరళ్ళలో పందికొక్కులు ఉంటాయి కదా, మట్టి గుంటలో నేరుగా పరిచిన షీటుని కింది నుంచి కొరికేస్తాయి. మీకు గోడ, సిమెంటు అడుగు రెండూ ఉన్నాయి కాబట్టి ఆ బెడద తప్పింది. గోడని పడగొట్టొద్దని చెప్పడానికి ఇదీ ఒక కారణం.

ఈ పనిలోనే అడుగున నాలుగంగుళాల డ్రెయిన్ పెట్టించండి. అడుగు సిమెంటు పగలగొట్టడానికి మళ్ళీ అవకాశం రాదు. చేపల పెంట, మిగిలిన మేత అన్నీ అడుగుకే చేరతాయి, వాటిని అక్కడి నుంచే లాగేస్తే ఫిల్టర్‌కి సగం భారం తగ్గుతుంది. కొలను అడుగు కింద పైపుకి ఎక్కడా జాయింట్ ఉండకూడదు, చుట్టూ కాంక్రీటు కప్పాలి. నీళ్ళ మట్టం కింద షీటుకి మీరు పెట్టే చిల్లు ఇదొక్కటే, కాబట్టి ఈ పది నిమిషాలూ పక్కనే కూర్చోండి. డ్రెయిన్ కింది ప్లేటు మీద సిలికాన్ పూసి, షీటు పరిచి, పై ప్లేటు పెట్టి, స్క్రూలు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. ప్లేటు పూర్తిగా బిగిశాకే మధ్యలో రబ్బరు కోయాలి. ముందు కోసి తర్వాత బిగిస్తే రబ్బరు పక్కకి జారి కారుతుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే. సిలికాన్ కూడా అక్వేరియంకి వాడేదే కొనండి, బాత్‌రూమ్ సిలికాన్‌లో బూజు పట్టకుండా కలిపే మందు చేపలకి విషం.

షీటు పై అంచు సంగతి చాలామంది వదిలేస్తారు. షీటు బెల్టు పైకి వచ్చి, గట్టు రాయి వెనక నిటారుగా ఆగాలి. బయటి మట్టిలోకి వాల్చి వదిలేస్తే మట్టి గుడ్డ వత్తిలా నీళ్ళని లాగేస్తూ ఉంటుంది, అప్పుడు మళ్ళీ లీకేజీ అని టెన్షన్ పడతారు.

మీ బావగారి కడప బండలకి వద్దాం. అది సున్నపురాయి, పొరలు పొరలుగా ఉంటుంది. మన బోరు నీళ్ళు అసలే గట్టివి, అంటే సున్నం ఎక్కువున్నవి కాబట్టి అది కరిగి ముంచేసేదేం లేదు, కానీ నీళ్ళలో నానీ నానీ పొరలు లేస్తాయి, లేచిన అంచు పదునుగా ఉంటుంది. కొలను లోపల వద్దు. చుట్టూ నడిచే దారికి పరుచుకోండి, ఎంతో బాగుంటుంది. గట్టు మీదికి గ్రానైటు వేయండి. మన చిత్తూరు వైపు రాయికి లోటా? నీళ్ళలోకి ఏమీ వదలదు. కపిలతీర్థం పుష్కరిణి దగ్గర నిలబడి ఆ మెట్లు ఒకసారి చూడండి, రాయి ఎన్ని తరాలు నిలుస్తుందో తెలుస్తుంది. పాలిష్ చేసింది కాకుండా గరుకు ఫినిష్ తీసుకోండి, తడి కాళ్ళకి జారదు. నీళ్ళ వైపుకి రెండంగుళాలు ముందుకి వచ్చేలా పెడితే రబ్బరు అంచు మీద ఎండ పడదు. రాళ్ళ వాలు మాత్రం బయటికే ఉండాలి. లోపలికి వాలితే ప్రతి వానకీ జాయింట్లలోని కొత్త సిమెంటు సున్నం కొలనులోకి కడుక్కొస్తుంది, మళ్ళీ మొదటి కథే.

లోహాల్లో రాగి, ఇత్తడి, జింకు పూత ఉన్న జీఐ పైపు, ఈ మూడూ నీళ్ళకి తగలకుండా చూడండి. ఇత్తడి ఫుట్‌వాల్వ్ ప్లంబర్ అలవాటుగా వేసేస్తాడు, ముందే చెప్పండి. పైపులు పీవీసీ చాలు, కానీ ఎండలో వదిలేస్తే పెళుసవుతాయి, పూడ్పించడమో రంగు వేయించడమో చేయండి. పంపు గంట రెండు గంటలకి ఒకసారి మొత్తం నీళ్ళని ఫిల్టర్ గుండా తిప్పగలగాలి. కరెంటు లైనుకి 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరి, ఇంట్లో పిల్లలున్నారు. కరెంటు పోతే గాలి పంపు ఇన్వర్టర్ మీద నడిచేలా చూసుకోండి. పైన గ్రీన్ షేడ్‌నెట్ కడితే ఎండా తగ్గుతుంది, కొంగలూ లకుముకి పిట్టలూ రావు. దగ్గర్లో గన్నేరు చెట్టుంటే తీసేయండి, దాని ఆకు కూడా విషమే.

వానల గురించి ఒక హెచ్చరిక. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి ఎలా మునిగిందో మీరు చూసే ఉంటారు. భూమిలో నీటి మట్టం పైకొచ్చినప్పుడు కొలను ఖాళీగా ఉంటే నేలలోని నీళ్ళు షీటుని కింది నుంచి బుడగలా పైకి లేపుతాయి. ఆ నెలల్లో కొలను ఎప్పుడూ ఖాళీ చేయొద్దు. నిండి పొర్లే నీళ్ళు పోవడానికి మూడంగుళాల ఓవర్‌ఫ్లో పైపు, దాని మూతికి స్టెయిన్‌లెస్ జాలీ పెట్టించండి. జాలీ లేకపోతే వరద రాత్రి చేపలు కాలవ పాలవుతాయి.

కాబట్టి పనికి మంచి కాలం సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు. ఆ వారాల్లో చేపల్ని నీడలో టార్పాలిన్ తొట్టిలో, ఉన్న కొలను నీళ్ళనే పోసి, గాలి పంపు పెట్టి ఉంచండి. పైన వల కప్పండి, కొత్త చోట కోయి ఎగిరి బయట పడుతుంది. మేత సగానికి తగ్గించండి. పాత ఫిల్టర్ స్పాంజి, మీడియా (ఫిల్టర్ లోపల నింపే వడపోత సరుకు) పారేయకండి. అమ్మోనియాని మింగే బాక్టీరియా వాటిలోనే ఉంటుంది, తాత్కాలిక తొట్టిలోనే ఆ ఫిల్టర్ నడపండి. ఆరబెడితే బాక్టీరియా చచ్చిపోతుంది, కొత్తగా తయారవడానికి వారాలు పడుతుంది. తిరిగి నింపేటప్పుడు కార్పొరేషన్ నీళ్ళైతే క్లోరిన్ పోయేలా సోడియం థయోసల్ఫేట్ వేశాకే చేపల్ని వదలండి. బోరు నీళ్ళైతే ఒక రోజంతా గాలి పంపు నడపండి, భూమిలోంచి వచ్చిన నీళ్ళలో ఆక్సిజన్ దాదాపు ఉండదు.

డబ్బు ఎక్కడైనా తగ్గించక తప్పకపోతే గ్రానైటు దగ్గర తగ్గించండి. గట్టు రాయి రెండేళ్ళ తర్వాత కూడా వేసుకోవచ్చు. అప్పటిదాకా అంచు మీద ఇటుకలు పేర్చినా నడుస్తుంది. షీటు, డ్రెయిన్, కాంక్రీటు బెల్టు మాత్రం ఇప్పుడే, మంచివే.

మిగిలింది పిల్లల గులకరాళ్ళు. కొలను అడుగున వద్దు. రాళ్ళ సందుల్లో మేత, పెంట ఇరుక్కుని కుళ్ళుతాయి, మీరు ఖర్చు పెట్టి వేయించిన డ్రెయిన్‌కి అవి చేరవు. కోయి మూతితో అడుగంతా తవ్వే చేప, చిన్న రాయి నోట్లో ఇరుక్కునే ప్రమాదమూ ఉంది. వాళ్ళ ముచ్చట తీరాలంటే గట్టు మీద ఒక వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు పెట్టి, ఫిల్టర్ నుంచి తిరిగొచ్చే నీళ్ళు అందులో పడి కొలనులోకి జారేలా చేయండి. అందులో గ్రానైటు గులకరాళ్ళు, ఒక కలువ దుంప వేసుకోవచ్చు. కొలనులో వేస్తే కలువ ఆకుల్ని చేపలు ఒక్క పూటలో చీల్చేస్తాయి, అక్కడైతే బతుకుతుంది. రాళ్ళు వేసే ముందు వాటి మీద నాలుగు చుక్కలు వెనిగర్ పోసి చూడమనండి. నురగ వస్తే సున్నపురాయి, పక్కన పెట్టాలి. పాచి పట్టినప్పుడు ఆ రాళ్ళని కొలను నీళ్ళతోనే కడగాలి, కుళాయి నీళ్ళతో కాదు.